ఆవం కాలుతున్న రోజు

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక టముకంత. అది మోగాల్సిన చోట మోగలేదు. అంతే.

అరవయ్యో దశకం చివరి రోజులు. బి.ఏ. పాసై మా ఊరి పంచాయతీ ఆఫీసులో గుమస్తాగా ఉండేవాణ్ణి. ఊళ్లో నా హాస్యానికి పేరుండేది. నా పనికి అంతగా ఉండేది కాదు. కుమ్మరి వీధి చివర, తాతల నాటి నుంచి వాళ్లు కుండలు కాల్చుకునే ఆవం ఉన్న జాగాలో బస్టాండు కట్టాలని పంచాయతీ తీర్మానించింది. ఆ సంగతి ఆ వీధిలో టముకు వేయించి చెప్పాలి. విన్నవాళ్లు గడువులోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. వేయించే పని నాది.

బయల్దేరాం. ఆ వీధికి దూరంగా, రోడ్డు మీదున్న టీకొట్టు దగ్గర టముకువాడు ఆగిపోయాడు. ఆ వీధిలో ఆవం కాలుతోందట. అది చల్లారేదాకా అక్కడ డప్పు మోగనివ్వరట, మోగితే కుండలు పగులుతాయని వాళ్ల నమ్మకమట. ఆవం చల్లారాక వద్దామన్నాడు. నాకేమో విజయనగరంలో మ్యాట్నీ ఉంది. టీకొట్టు ముందే వాయించమన్నాను. వాయించాడు. కుమ్మరి వీధిలో వేయించినట్టు సంతకం పెట్టాను. ఆ సినిమా ఏదో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

గడువు దాటాక పునాదులకు ముగ్గు పోశారు. అప్పుడు తెలిసింది ఆ వీధికి. అప్పన్న అనే కుమ్మరి, తమ వీధిలో టముకే వేయలేదు కనుక తీర్మానం చెల్లదని కోర్టుకెక్కాడు. విచారణ నాటికి టముకువాడు కాలం చేశాడు. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఆవం కాలుతున్న రోజున టముకొస్తే వీధి మొదట్లోనే ఆపేవాళ్లమని అప్పన్న బోనులో చెప్పాడు. మరి నేనేం చేశాను? వేయించానని ప్రమాణం చేసి చెప్పాను. అది చాలక, "కుండలు నిద్రపోతున్నాయని పంచాయతీ ఆగదు కదండీ" అన్నాను. కోర్టంతా నవ్వింది. దావా కొట్టేశారు.

మెట్ల దగ్గర అప్పన్న ఎదురొచ్చాడు.

"బాగా నవ్వించినావు బాబూ. నాకూ నవ్వొచ్చీసింది."

"తీర్పు కోర్టుది అప్పన్నా. నా చేతిలో ఏముంది?"

"ఏటీ నేదు గానీ, ఒక్క మాట సెప్పు. ఆ దినాన మా ఈదికొచ్చినావా?"

"వచ్చాను."

"ఆవం కాలినప్పుడు ఈదిలోకొచ్చినోణ్ణి మా ఆడోళ్లు ఒట్టినే పంపరు. మంచినీళ్లిస్తారు. నీకెవులిచ్చినారు?"

బస్సుకు వేళైందని చెప్పి గబగబా మెట్లు దిగిపోయాను.

అప్పన్న నౌపడ ఉప్పు మళ్లకు కూలికి వెళ్లిపోయాడు. కుండలు చేసే సారె ఇంటి ముందే వదిలేశాడు. బస్టాండు లేచింది. బస్సులు మాత్రం అందులోకి రావు, తిరగడానికి చోటు చాలదట. ఇప్పటికీ ఆ టీకొట్టు ముందే ఆగుతాయి.

ఎందుకు నోరు విప్పలేదు? ఉద్యోగం పోతుందనా? అది చెప్పుకోదగ్గ కారణమే. కానీ నా జోకుకు నవ్విన కోర్టు, నిజం విన్నాక నవ్వకుండా నా వైపు చూస్తే ఎలా భరించాలో తెలియకనే అనుకుంటాను. మీరు క్షమిస్తారని చెప్పడం లేదు. ఆ పని చేయగలిగిన మనిషి ఇప్పుడు లేడు. అతని ప్రశ్నకు జవాబు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. మీరు వినండి చాలు.

ఎవరూ ఇవ్వలేదు అప్పన్నా. నేను మీ వీధికి రానేలేదు.