పాంతెలేయ్ పలికిన సున్నా

మా భవనం ఎలక్ట్రీషియన్ పాంతెలేయ్‌కి లోకంలో దేనిమీదా నమ్మకం లేదు, తీగను దవడతో కరిచి కరెంటు కొలిచే చేతిలోని క్లాంప్ మీటర్ మీద తప్ప. పెళ్లినాడు కూడా చర్చి దీపాల తీగకు ఆ మీటర్ దవడ తగిలించి చూశాకే ఉంగరానికి వేలు చాపాడని మా స్విష్తోవ్ ఊళ్లో చెప్పుకుంటారు. చాపింది కుడిచేతి వేలు. ఎడమచెయ్యి ఎప్పుడూ జేబులోనే. రెండు చేతులూ బయటపెడితే కరెంటుకు గుండెమీదుగా బాట వేసినట్టేనట. ఆయనకసలు ఎడమచెయ్యి ఉందా లేదా అని మా భవనం పిల్లలు పందాలు కాసేవారు.

ఆయన వేదమంతా ఒకే ముక్క: పోయినంతా తిరిగి రావాలి. ఒక్క తీగను దవడలో పెడితే పొయ్యి ఎంత తాగుతోందో తెలుస్తుంది. పోయే తీగనూ వచ్చే తీగనూ కలిపి పెడితే ఎంత కారుస్తోందో తెలుస్తుంది. ఏమీ కారకపోతే సున్నా. కారితే ఆ కరెంటు దారి తప్పి ఎవరి ఒంట్లోకో పోతున్నట్టు. పొరుగింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపినా ఆయన దృష్టిలో లీకేజీయే.

పైగా మీటర్ చూపిన అంకెను దాచడం ఆయన వల్ల కాదు. బావమరిది తన పేరుగల సెయింటు దినాన చేసుకున్న పేరుపండుగ విందులో మధ్యలో లేచి, ఆ ఇంటి హీటర్‌కి పోయే కరెంటు ఇంటి మీటర్‌ని పలకరించకుండానే పోతోందని అందరికీ చదివి వినిపించాడు. బావమరిది ఈనాటికీ ఆయనకు బ్రాందీ పొయ్యడు.

సెప్టెంబరు వచ్చిందంటే చలికాలం పచ్చడికి మిరపకాయలు కాల్చుకోవడానికి మా భవనమంతా పెరట్లోకి దిగుతుంది. ఇంటికో కరెంటు పొయ్యి. లోపలి మట్టి గొట్టంలో లావుపాటి ఎర్ర మిరపకాయను నిలబెట్టి మూతపెడితే క్షణాల్లో తొక్క ఊడొస్తుంది. ఆ ఏడు మాత్రం పొయ్యిలన్నీ పెట్టేసరికి, కరెంటు కారితే ఆపేసే లీకేజీ స్విచ్ టప్పున పడిపోయేది. ఒక్కొక్కటే పెడితే పడేది కాదు; కారేదంతా కలిసి ముప్పై మిల్లీఆంపియర్లకు చేరువైతేనే అది పడుతుంది. భవనం పెత్తనం చేసే స్నెజానా తీర్పు చెప్పేసింది. ఎవరి పొయ్యి కారుస్తోందో తేలగానే అది పాత ఇనుముకే, వాళ్లిక పెరట్లోకి రానక్కర్లేదు.

అందరి కళ్లూ దోనా అవ్వ పొయ్యి మీదికే పోయాయి. చనిపోయిన మొగుడు మెతోది పాత బకెట్టుతో స్వయంగా చేసిన పొయ్యి అది. దాని పక్క కుర్చీయే అవ్వకు ఏడాదికోసారి దొరికే సింహాసనం. ముట్టుకుంటే పొయ్యి చక్కిలిగిలి పెడుతోందని ఆమే మురిసిపోతూ చెప్పింది.

"మెతోది ఉన్నప్పుడూ అంతే," అంది.

ఒంట్లోకి కారే కరెంటే అలా చక్కిలిగిలి పెడుతుందని పాంతెలేయ్‌కి తెలుసు. అన్నీ ఆపించి, మీటర్ తెచ్చాడు. కాళ్లకు రబ్బరు చెప్పులు, కాళ్లకింద పొడి చెక్కపెట్టె, ఎడమచెయ్యి జేబులో. కొలతకోసమే చేసుకున్న చిన్న పొడిగింపు తీగ ఒకటుంది ఆయనకు. దాని పైతొక్క మాత్రం చీల్చి, లోపలి తీగలు తొక్కతోనే విడివిడిగా ఉంచాడు. ఎర్త్ తీగను పక్కకు తప్పించి, మిగతా రెంటినీ దవడలో పట్టుకునేవాడు. ఒక్కో పొయ్యీ పెట్టించి చదివాడు. రెండు మిల్లీలు. ఒకటిన్నర. స్నెజానాది మూడు.

చివరికి తడి నేలమీద పెట్టిన అవ్వ పొయ్యి. ఆయన భుజం మీదుగా నేనూ తొంగిచూశాను. ఇరవైమూడు.

పాంతెలేయ్ అంకెను చూశాడు. ఒళ్లో చేతులు ముడుచుకుని కూర్చున్న అవ్వను చూశాడు.

"సున్నా," అన్నాడు.

వెంటనే ప్లగ్గు పీకించాడు. ఇంత గట్టి పనితనం తానెక్కడా చూడలేదనీ, మెతోది తీగ ఎలా చుట్టాడో విప్పి నేర్చుకోవాలనీ, అందాకా తన కొత్త పొయ్యి వాడుకోమనీ అవ్వను బతిమాలాడు.

"మరి స్విచ్ ఎందుకు పడుతోందయ్యా?" అంది స్నెజానా.

"పెరట్లోకి లాగిన తీగ పాడైంది. వేసింది నేనే."

ఇక చూడాలి. అంత పేరున్న మనిషి ఇదా వేసిన తీగ అంటూ పొద్దు వాలేదాకా స్నెజానా దులిపేసింది. అవ్వ కూడా ఊరుకోలేదు.

"తీగ సరిగ్గా లాగడం రానోడివి, నా పొయ్యి విప్పుతావట్రా? మళ్లీ బిగించడం వచ్చా?"

"నేర్చుకుంటానవ్వా," అన్నాడు.

మెట్లమీద ఆయన్ని పట్టుకున్నాను. "ఇరవైమూడు కదయ్యా?"

"కళ్లజోడు పెట్టుకోలేదు," అన్నాడు. కళ్లజోడు ముక్కుమీదే ఉంది.

వారం తిరక్కుండా పొయ్యి వచ్చింది. లోపల కొత్త తీగచుట్ట, బకెట్టుకు ఎర్త్ తీగ. బకెట్టు మాత్రం మెతోదిదే. అందరిముందూ మీటర్ తగిలించాడు. ఈసారి మీటరూ ఆయనా ఒకటే మాటన్నారు. అవ్వ భయంగా బకెట్టు తాకి చూసింది.

"చక్కిలిగిలి తీసేశావురా దొంగా," అంది.

అని, మిరపకాయ పచ్చడి నింపిన పెద్ద సీసాలు రెండు, చేతికొకటి పట్టుకుని ఆయన ముందు నిలబడింది. పాంతెలేయ్ సీసాలకేసి చూశాడు. మీటర్‌ని మెల్లగా కుర్చీమీద పెట్టాడు. జేబులోంచి ఎడమచెయ్యి తీశాడు.

పందాలు కాసిన పిల్లలు ముందుకు తోసుకొచ్చారు. ఎండ ఎరగని ఆ చెయ్యి కుడిదానికంటే బాగా తెల్లగా ఉంది.