తామర అల్లునికి, నింద నా బిడ్డకు

ఈ పొద్దు నా సంతోషం చెప్పుకోకుంటే మనసు ఆగదు. మూడు వారాలుగా నాకు అన్నం దిగల్యా. పత్తికొండలో అల్లునికి నడుమంతా తామర లేసింది. ఒకే చాప మీద పండుకునే నా కూతురికి రాల్యా. అంతే, "అన్నంలో ఏందో మందు పెట్టినావు" అని వాళ్ళత్త బిడ్డను వీధిలో నిలబెట్టి అరిచి, మా ఇంటికి పంపించేసింది. బిడ్డ మాట్లాడేదే మానేసింది.

కాళ్ళావేళ్ళా పడి ఈ పొద్దు అందర్నీ కర్నూల్లో చర్మం డాక్టరమ్మ కాడికి పిల్చుకపోయినా.

"మగవాళ్ళ హార్మోను తామరను అడ్డుకునే శక్తిని కొంచెం తగ్గిస్తుందమ్మా. ఆడవాళ్ళకు ఆ కాపలా గట్టిగా ఉంటుంది. ఈ పాప చేసిందేమీ లేదు" అనింది ఆమె.

"అయితే నా కొడుకు మగోడైనందుకే వచ్చిందా?" అనింది వియ్యపురాలు.

"అదొక్కటే కాదు. చెమట బట్టలు, డాక్టర్ని అడగకుండా పూసుకున్న ఆయింట్‌మెంటు కూడా."

అల్లుడు తల దించుకున్యాడు. బయటికొచ్చినాక వియ్యపురాలు "పామ్మా, ఇంటికి పోదాం" అనింది. నా బిడ్డ కదల్యా.

"వీధిలో అన్యావు గదత్తా. నేనేమీ పెట్టలేదని ఆ వీధిలోనే చెప్పు, వస్తా."

ఆమె "చెప్తాలే" అనింది. నాకు కండ్లనీళ్ళు ఆగల్యా. నా బిడ్డ అడిగింది న్యాయమే గదప్పా? మీరే చెప్పండి.