నలుగుపిండికి నీలం కాయితం

పసుపు రంగు కాయితం ఆ రోజు కాయితాల అంగట్లో ఉంది. నా కళ్ళ ఎదుటే, రెండో అరలో ఉంది. లేదని ఇంట్లో అబద్ధం చెప్పాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

మద్రాసులో ట్రాములు ఇంకా తిరుగుతున్న రోజులవి. సౌకార్‌పేటలో మా ఇంటి ముందరి గదే నాయన మూలికల అంగడి. శొంఠి, కరక్కాయ ఎవరి దగ్గరైనా దొరికేవి. మా దగ్గర మాత్రమే దొరికేది అత్త చేసే నలుగుపిండి. అత్త అంటే నాయనకు అక్క. మామ పోయాక మా ఇంటికి వచ్చేసింది. పెసలు, కచ్చూరాలు, బావంచాలు, ఎండు గులాబీ రేకులు కలిపి ఆమె రోట్లో దంచుతుంటే వీధి మొదటిదాకా వాసన వచ్చేది. ఒకరి పంచన ఉన్నాననే దిగులు లేకుండా ఆమె మా ఇంట్లో తలెత్తుకు తిరిగింది ఆ పిండి వల్లనే.

దాన్ని పసుపు రంగు గ్లేజు కాయితంలో పొట్లాలు కట్టేవాళ్ళం. మీద అంగడి పేరు తెలుగులోనూ అరవంలోనూ ముద్ర వేసేవాళ్ళం గానీ, దాన్ని చదివినవాళ్ళను నేను చూడలేదు. చదువు వచ్చినవాళ్ళు కూడా "ఆ పసుపు కాయితం పిండి ఒకటియ్యి" అనేవాళ్ళు. పండగ ముందు రోజుల్లో నేను కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చుని, వీధిలో కదిలిపోతున్న ఆ పసుపు పొట్లాలనే చూస్తుండేదాన్ని.

ఒకసారి నాయనకు జ్వరం వచ్చి, కాయితం తెచ్చే పని నామీద పడింది. నాకు పద్దెనిమిదేళ్ళు. లైబ్రరీకి తప్ప ఒంటరిగా ఎక్కడికీ పోయి ఎరగను. అక్కడైతే మాట్లాడే పని ఉండదు. అత్త పాత కాయితం ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది చూపిస్తే సరి. నువ్వు నోరు తెరిచే పన్లేదు" అంది.

కాయితాల అంగడి నిండా మగవాళ్ళు. "ఎన్న కలర్ వేణుం, పాపా?" అని, ఏ రంగు కావాలో అంగడాయన అరవంలో అందరికీ వినబడేటట్టు అడిగాడు. అందరూ నావైపు తిరిగారు. గుప్పిట్లో ముక్క చెమటకు తడిసిపోయింది. గుప్పిట తెరవలేకపోయాను. ఆయన చేతికందిన నీలం కాయితం తీసి బల్లమీద పరిచి, "ఇదా?" అన్నాడు. తల ఊపాను.

బిడియం ఒక్కటే కాదు. లైబ్రరీలో నేను ఇష్టపడి తెచ్చుకునే పుస్తకాల అట్టలు ఆ నీలంలోనే ఉండేవి. మా పిండి కూడా అంత హుందాగా కనబడుతుందని ఆ క్షణంలో నిజంగానే అనిపించింది.

"పసుపు లేదంట అత్తా" అన్నాను ఇంటికొచ్చి. అత్త నా చేతిలోంచి నలిగిన ముక్కను తీసుకుని చూసింది. "పోనీలే. దేంట్లో కడితే ఏముంది, పిండి అదే గదా" అంది.

వారం తిరక్కముందే ఎదురింటి అవ్వ సగం వాడిన పొట్లం తెచ్చి అరుగు మీద పెట్టింది.

"ఏంది మే, దీంట్లో సోడా ఏమన్నా కలిపితివా? ఒళ్ళు మండతా ఉందని మనవడు ఒకటే ఏడుపు."

"నేనా! నీ మనవడు ఉత్త నీళ్ళు పోసినా ఏడ్చే రకం గదక్కా" అంది అత్త.

"వాణ్ణి ఇడిసిపెట్టు. నాకూ చుర్రుమనె. వాసన గూడా ముందర మాదిరి లేదు."

తర్వాత వచ్చినవాళ్ళు "ఈ నీలంది వద్దు, అసలుది ఉంటే ఇయ్యి" అని తిరిగిపోయారు. అత్త పిండిని మూడేసిసార్లు జల్లించింది. గులాబీ రేకులు మార్చింది. చివరికి ఒక మధ్యాహ్నం అటక మీద నుంచి తన ట్రంకుపెట్టె దించుకుంది.

"నా చేతిలో వాసన పోయింది తమ్ముడా. ఊరికి పోయి మా మరిది వాళ్ళింట్లో ఒక మూల పడుంటా. ఈడ ఇంక నాకేం పని?"

ఆ మాట వింటూ నిలబడ్డప్పుడు నాకు పక్క వీధి అంగడి గుర్తొచ్చింది. అక్కడ బట్టల సోడాను కట్టేది నీలం కాయితంలోనే. నా డైరీలో గుర్తుగా పెట్టుకున్న పసుపు కాయితం ఒకటి ఉంది. అవ్వ తిప్పి ఇచ్చిన పిండినే అందులో కట్టి, ఏమీ చెప్పకుండా ఆమె చేతికిచ్చి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే అవ్వ నవ్వుతూ వచ్చింది. "ఇదీ నీ చేతి పిండి అంటే! మనవడు కిక్కురుమనలా."

అత్త ముఖం ఇంకా వాడిపోయింది. "పాతది ఏదో మిగిలి ఉంటే ఇచ్చుంటుంది పాప. చూడు, చెడింది ఇప్పటిదే."

ఇలా అవుతుందని నేను అనుకోలేదు. నోరు తెరవక తప్పలేదు.

"పాతది కాదత్తా. అవ్వ తెచ్చి పెట్టిన పిండే అది. కాయితం మార్చాను, అంతే."

ఇద్దరూ నమ్మలేదు. జాడీ తెచ్చి, ఒకే గరిటెతో అత్త దగ్గరున్న ఆ పాత పసుపు కాయితం ముక్క మీద కొంచెం, నీలం కాయితం మీద కొంచెం పోశాను. అత్త రెండూ వాసన చూసి పసుపు కాయితాన్ని చూపించింది. "ఈసారి కళ్ళు మూసుకో" అని రెండు కాయితాలనూ అటూ ఇటూ మార్చాను. కళ్ళు మూసుకుని, చాలాసేపు వాసన చూసి, "ఇదే మంచిది" అని నీలం మీద చెయ్యి పెట్టింది. కళ్ళు తెరిచి చూసుకుని పకపకా నవ్వింది. నెల రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాను.

"మా వాడికి గూడా కండ్లకు గంతలు కట్టి నలుగు పెట్టుంటే సరిపొయ్యేది" అంది అవ్వ.

మర్నాడు నాయన స్వయంగా పోయి పసుపు కాయితం తెచ్చాడు. "లేదంటివే? వాళ్ళ దగ్గర ఎప్పుడూ అయిపోలేదంట!" అన్నాడు నాతో.

"మొన్న వచ్చుంటుందిలే తమ్ముడా. అంగళ్ళోళ్ళు అట్లనే చెప్తారు" అంది అత్త, నా వైపు చూడకుండా. ట్రంకుపెట్టెను మళ్ళీ అటకెక్కించమంది.

రెండేళ్ళకు నాకు పెళ్ళయి బెజవాడ వచ్చేశాను. ఇక్కడి అంగళ్ళలో ఎక్కడ పసుపు కాయితం కనబడినా గులాబీ రేకుల వాసన వచ్చినట్టే ఉంటుంది. కాయితానికి వాసన లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా వస్తుంది.

అత్తను ఆఖరుసారి చూసింది సెంట్రల్ స్టేషన్లో, నేను బెజవాడ బయలుదేరిన రోజున. ఆ వానాకాలంలోనే ఆమె పోయింది. రైలు కదలబోతుంటే కిటికీలోంచి పసుపు పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి, నా వేళ్ళను దాని చుట్టూ మూసి, అంది:

"ఆడ అంగళ్ళకు పోతే గుప్పిట మూసుకోని నిలబడొద్దు పాపా. నీకు కావాల్సిన రంగు నోరు తెరిచి అడుగు."