బలం మాత్రల సీసా

ఆ రెడీమేడ్ చొక్కాల కంపెనీలో ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ళ పేరు. జేబులు కుట్టే ఆవిడ జేబులక్క, గుండీలకు కాజాలు తీసే ఆవిడ కాజాలక్క, కాలర్లు కుట్టే మనిషి కాలరమ్మ. కాలర్ కుట్టడం అందరికీ వచ్చే పని కాదు. రెండు మొనలూ ఒక్కలాగే తిరగాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా చొక్కా మొత్తం వంకరగా కనిపిస్తుంది. కాలరమ్మ రోజుకు రెండువందల కాలర్లు కుట్టేది, ఒక్కటీ వెనక్కి వచ్చేది కాదు. సూపర్‌వైజరు మిగతావాళ్ళను తిట్టాలంటే ఆమె పేరే ఎత్తేవాడు. అందువల్ల ఆమె మీద కొందరికి కాస్త కడుపుమంట కూడా ఉండేది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె సంచిలోంచి విటమిన్ సీసా తీసి ఒక మాత్ర వేసుకునేది. ఏమిటవి అని అడిగితే బలం మాత్రలని చెప్పేది. అదన్నమాట సంగతి, మేమూ మింగితే మా చేతులూ అలాగే ఆడతాయేమో అని కాజాలక్క ఆట పట్టించేది. కాలరమ్మ అందరితోపాటు నవ్వేసి సీసా లోపల పెట్టేసేది.

అవి బలం మాత్రలు కావు. తొమ్మిదేళ్ళ కిందట ఆమెకు మనసు జబ్బు చేసింది. ఎవరూ లేని గదిలో మాటలు వినపడేవి. పక్కింటివాళ్ళు తన అన్నంలో ఏదో కలుపుతున్నారని తిండి మానేసింది. రెండు నెలలు ఆసుపత్రిలో ఉంచారు. మందు పనిచేసింది, మాటలు ఆగిపోయాయి, మనిషి నిలదొక్కుకుంది. అప్పటి ఉద్యోగం మాత్రం నిలబడలేదు. మాత్రల అట్ట చూసి ఎవరో ఆరా తీశారు. పిచ్చిదాని చేతికి కత్తెర ఎలా ఇచ్చారన్న మాట సాయంత్రానికల్లా హాలంతా పాకింది, వారం తిరక్కుండా పంపేశారు. జ్వరమొచ్చిన మనిషికి పళ్ళు పట్టుకొచ్చే ఈ జనమే మనసుకు జబ్బు చేస్తే తలుపు గడియ వేసుకుంటారు. మన తెలివి అంతవరకే.

ఆమె ఉండేది అన్నయ్య ఇంట్లో. మధ్యాహ్నం మోతాదు మానడానికి లేదు కనుక వదినే ఈ ఉపాయం కనిపెట్టింది. ప్రతి ఆదివారం అట్టల్లోంచి మాత్రలు ఒక్కొక్కటే తీసి, ఖాళీ విటమిన్ సీసాలో పోసి, అట్టల్ని ముక్కలు చేసి పారేసేది. ప్రాణం పోయినా బయట చెప్పకు అని ప్రతిసారీ చెప్పేది. వదినకు ఆడపడుచంటే ప్రేమే, కాకపోతే అందులో సగం భయం.

ఒకరోజు భోజనాల వేళ కాలరమ్మ మాత్ర వేసుకుని, సీసా బల్ల మీదే మర్చిపోయి, డబ్బా కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. కాజాలక్కకు కూతురి జ్వరంతో రెండు రోజులుగా నిద్ర లేదు, ఒళ్ళు తేలిపోతోంది. సీసా కంటబడింది. బలం మాత్రలే కదా, ఒకటి సరిపోతుందో లేదోనని రెండు వేసుకుంది. అడిగితే నవ్వేసి దాచేస్తుందని అడగనే లేదు.

గంట గడిచేసరికి కాజాలక్క మెషీను ముందు తూలింది. లేవబోయి కూలబడింది, మాట ముద్దముద్దగా వస్తోంది. ఇద్దరు పట్టుకుని ప్రథమ చికిత్స గదిలో పడుకోబెట్టారు. నర్సు బీపీ చూసి, బాగా పడిపోయిందని, ఏం తిన్నారు, ఏం మింగారు అని అడిగింది. కాలరమ్మ బలం మాత్రలు రెండు అని కాజాలక్క గొణిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. విటమిన్లకు ఎవరూ పడిపోరు, ఇది నిద్రలేమి నీరసం, కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని సూపర్‌వైజరు తేల్చేశాడు.

గుమ్మంలో నిలబడ్డ కాలరమ్మ ఇదంతా వింది. నోరు మూసుకుంటే ఉద్యోగం దక్కుతుంది. నిద్రపోతోందనుకుని కాజాలక్కను ఆ మంచం మీదే వదిలేస్తారు. ఆవిడ షుగరుకూ బీపీకీ మందులు వాడుతుందని కాలరమ్మకు తెలుసు. తనకు మొదటిసారి ఈ మందు వేసినప్పుడు మంచం పక్కనే మనిషిని కాపలా పెట్టిన సంగతీ గుర్తుంది. అయినా ఒక నిమిషంపాటు, నిజం చెప్పాలంటే రెండు నిమిషాలపాటు, ఆమెకు నోరు పెగల్లేదు. ఆ రెండు నిమిషాలకు తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

"అవి విటమిన్లు కావండీ," అంది నర్సుతో. "నా మనసు జబ్బుకు వాడే మందు."

మందు పేరూ, ఎన్ని మిల్లీగ్రాములో కూడా చెప్పింది. నర్సు వెంటనే ఫోను అందుకుంది, అంబులెన్సు వచ్చింది. కాజాలక్కను మోసుకుపోతుంటే గదిలో మిగిలినవాళ్ళు అటు చూడలేదు, కాలరమ్మనే చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు ఆమె మెషీను దగ్గర ఇంకెవరో కూర్చున్నారు. ఆమెను చొక్కాలు మడతపెట్టే మూలకు పంపి, మేనేజరు ఏ సంగతీ తేల్చేదాకా కత్తెర ముట్టుకోవద్దన్నారు. భోజనాల దగ్గర ఆమె కూర్చున్న బల్ల ఖాళీ అయిపోయింది. ఆమె తప్పు లేదని ఎవరంటారు? సీసా మీద ఒకటి రాసి ఉండగా లోపల ఇంకొకటి పెట్టడం తప్పే. ఆ తప్పు ఎందుకు చేయవలసి వచ్చిందని అడిగిన మనిషి మాత్రం ఆ హాల్లో ఒక్కరూ లేరు.

ఇంట్లో వదిన తల పట్టుకు కూర్చుంది.

"నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదమ్మా నీకు?"

"మనిషి పోయేది వదినా."

ఆ రాత్రి ఇద్దరూ తినలేదు.

ఐదో రోజు కాజాలక్క పనిలోకి వచ్చింది. మొహం పీక్కుపోయింది. నేరుగా మడతల మూలకు వచ్చి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. మెషీన్లు ఒక్కొక్కటే ఆగాయి. తిడుతుందని అందరూ అనుకున్నారు, తిట్టింది కూడా. ఇద్దరు పిల్లల తల్లి, చచ్చిపోతానేమోనని భయపడింది, తిట్టదా మరి! కాలరమ్మ తల వంచుకుని అన్నీ పడింది. తిట్లన్నీ అయిపోయాక కాజాలక్క గొంతు తగ్గింది.

"రెండు మాత్రలకే నేను రెండు రోజులు తల ఎత్తలేకపోయాను. ఇవి మింగుతూ నువ్వు అన్ని కాలర్లు ఎలా కుట్టావే?"

"మొదట్లో నాకూ ఒకటే నిద్ర. నెమ్మదిగా అలవాటైంది. మీ అందరికీ తెలుస్తుందేమోనన్న భయమే అలవాటు కాలేదు."

"నాకు ముందే చెప్పి ఉంటే వాటి జోలికి వచ్చేదాన్నా?"

"చెప్పి ఉంటే నా పక్కన కూర్చునేదానివా అక్కా?"

కాజాలక్క అవునని ఒక్క మాట అనేస్తే అక్కడితో అయిపోయేది, వినేవాళ్ళు కూడా మెచ్చుకునేవాళ్ళు.

"లేదు," అంది చివరికి. "అందరికంటే ముందు బల్ల మారేది నేనే."

ఆ మాట అన్నాక కూడా ఆమె స్టూలు మీదనుంచి లేవలేదు.