కవరు లోపలి నంబరు

"రాయనన్నా. కవర్ ఇస్త, మీద గ్లాసు ఏస్త, బటన్ల సందుల జొచ్చిన బొగ్గుపొడి బుర్రుసుతోని తీసి ఇస్త. లోపట నంబర్ మాత్రం రాయ. రాసేటోళ్లే కావాల్నంటే చౌరస్తా మీద మస్తు దుకాణాలున్నయి, పో."

"గంత కోపమెందుకు చెల్లె? మా ల్యాంపు రూములోళ్లే చెప్పిన్రు. కవర్ కొంటే తస్లీమా కాడ్నే కొను, లోపట ఇంటి నంబర్ రాపిచ్చుకో, ఏమన్నయితే పనికొస్తదన్నరు."

"ఎవరు చెప్పిన్రో వాళ్లు పాతోళ్లు. మూడేండ్ల సంది రాస్తలేను."

గోదావరిఖనిలో షిఫ్టు బస్సులు ఆగేచోట, టీ కొట్టుకూ పంక్చర్ల షాపుకూ నడుమ ఇరుక్కున్న రేకుల డబ్బా తస్లీమాది. ముందంతా కవర్లు వేలాడుతుంటాయి. లోపల ఒక్క మనిషి కూర్చుంటే మోకాళ్లు బల్లకు తగులుతాయి. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న లింగమూర్తి ఆమెకు కొత్త. కాసిపేట వైపు నుంచి బదిలీ మీద వచ్చి నెలయినా కాలేదు. భార్యాపిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. ప్రతి ఆదివారం వెళ్లి వస్తున్నాడు. ఆ సంగతి కూర్చున్న రెండు నిమిషాల్లోనే తనే చెప్పాడు.

తస్లీమా అతని ఫోనును ఎడమ అరచేతిలో బోర్లా పెట్టుకుని బొటనవేలితో కెమెరా చుట్టూ తడిమింది. మోడల్ పేరు అడగలేదు. పేర్లను ఆమె నమ్మదు. పేరు ఒకటే ఉంటుంది, కెమెరా రంధ్రం మాత్రం గోరంత పక్కకు జరుగుతుంది. ఆ గోరంత తేడాతో రోజుకు నలుగురైనా వేరే చోట కొన్న కవరు పట్టుకుని ఆమె దగ్గరికి వస్తారు. దండలోంచి ఒక నల్లటి కవరు లాగి, ముందు బటన్ల వైపు మూల ఎక్కించి, తర్వాత మిగతా మూడూ వరుసగా నొక్కింది. నాలుగోది ఎక్కేటప్పుడు టక్కుమన్నది.

"గిది ఊడాలంటే నేనే ఊడదియ్యాలె" అంది. ఆ మాట ఒకప్పుడు గర్వంగా చెప్పేది. ఇప్పుడు గొంతులో ఆ గర్వం లేదు.

ఆమె పుట్టిల్లు బసంత్‌నగర్. తండ్రి సిమెంటు లారీలు బాగుచేసే మిస్త్రీ. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. ఇంట్లో మాట్లాడేది దక్ఖనీ అయినా, తెలుగు అక్షరాలను సిమెంటు సంచుల మీద, బస్సుల బోర్డుల మీద చదివి గట్టి చేసుకుంది. పెళ్లయి ఖనికి వచ్చేసరికి భర్త అస్గర్ ఇదే డబ్బాలో ఫోన్లు బాగుచేసేవాడు. కొన్నేళ్లకు అతనికి చేతులు వణకడం మొదలైంది. సన్నపని చేతకాక ఒక షాదీఖానాకు కావలి కుదిరాడు. అప్పుడు తస్లీమా రిపేరు సామాన్లన్నీ పెట్టెలో పెట్టి, కవర్లు తెచ్చి వేలాడదీసింది. ఆడమనిషి ఫోన్ల డబ్బాలో కూర్చోవడమేంటని నవ్వినవాళ్లే ఆర్నెల్లకు "తస్లీమక్కా, నాది జరంత జూడు" అంటూ వరుస కట్టారు.

ఎవరికి ఏది పనికొస్తుందో ఆమెకు తెలుసు. లోపలి బాయిలో, అంటే భూగర్భ గనిలో పనిచేసేవాళ్లకు మందపాటి రబ్బరుది. పైకి వచ్చాక మసిచేతులతో పట్టుకుంటే మిగతావి జారిపోతాయి. డంపరు డ్రైవర్లకు వేలికి రింగు ఉన్నది. కాలేజీ పిల్లలు అద్దంలాంటిదే కావాలంటారు, అది మూడు నెలలకు చెమట తాగి పసుపురంగు తిరుగుతుంది. కవరు ఊడదీసినప్పుడు వెనుక ఏం దాచుకున్నారో కూడా ఆమె కంట పడుతుంది. మడతపెట్టిన పది రూపాయల నోటు. దర్గా తాయెత్తు కాగితం. చనిపోయిన బిడ్డ పాస్‌పోర్టు ఫోటో. ఒకాయన కవరులోంచి భార్యది కాని ఫోటో జారిపడితే, "అక్కా, గది మళ్ల గట్లనే పెట్టు, నీ కాల్మొక్త" అన్నాడు. ఆమె అలాగే పెట్టింది, నోరు మెదపలేదు.

ఇంటి నంబరు రాయడం కూడా ఆమె తెచ్చిన అలవాటే. బాయిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. ఒక్క నిప్పురవ్వ చాలు, లోపలి గాలి అంటుకుంటుంది. అందరూ టోపీ దీపాలిచ్చే ల్యాంపు రూములో చెక్క అర మీద పెట్టి దిగుతారు. అన్నీ ఒకే రకం ఫోన్లు, అన్నీ ఆమె అమ్మిన నల్ల కవర్లే. తారుమారై కొట్లాటలు అయ్యేవి. అందుకని కవరు లోపలివైపు తెల్ల ఇంకు పెన్నుతో ఇంటి నంబరు రాసి, ఆరబెట్టి, అప్పుడు తొడిగేది. పేరు రాయదు. పేరు రాస్తే నంబరుకు చోటు చాలదు. ఫోనుకు తాళం ఉన్నా, ఏదైనా జరిగితే ఇంటికి కబురు పోతుందని పనివాళ్లు సంబరపడ్డారు.

"మరి ఎందుకు బందువెట్టినవ్?" లింగమూర్తి అడిగాడు. ఆరాలు తీసేవాడిలా కాదు, చెప్తే వింటానన్నట్టు అడిగాడు.

తస్లీమా బుర్రుసు కింద పెట్టింది. "నువ్వు ఇక్కడ ఎవరి జాగల వచ్చినవన్నా?"

"మ్యూచువల్ గదా. బుచ్చన్న అని, ల్యాంపు రూముల పనిచేసేటోడు. ఆయన మా దిక్కు పోయిండు, నేను ఇటచ్చిన."

తస్లీమా పక్కనున్న టీ కొట్టాయన్ని కేకేసి రెండు చాయ్‌లు చెప్పింది.

"గాయనను ఈడికెల్లి ఎల్లగొట్టింది నేనే" అంది.

మూడున్నరేళ్ల కింద ఒక మధ్యాహ్నం నర్సింగం, రాయమల్లు కలిసి వచ్చారు. ఇద్దరూ గని లోపల కప్పు కూలకుండా దూలాలు నిలబెట్టే సపోర్టు పని చేసేవాళ్లు, ఒకే షిఫ్టు. ఒకే రోజు, ఒకే మోడల్ ఫోన్లు కొన్నారు.

"ఇంటి నంబర్ చెప్పున్రి అన్న. నర్సింగం కాక గడగడ చెప్పిండు. రాయమల్లన్నకు పెండ్లాం నంబర్ నోటికి రాదు, ఫోన్ల దేవులాడుతున్నడు. నర్సింగం కాక ఊకుంటడా? 'నలుగురు పిల్లల్ని కన్నవ్ గని పది అంకెలు రావా బావా' అన్నడు. నేను గూడ నవ్విన. రెండు కవర్లు రాసి పక్కపక్కకు ఆరవెట్టిన. గంతల బస్సోడు హారన్ కొట్టిండు. ఇద్దరు 'జల్ది, జల్ది' అన్నరు. నవ్వుకుంటనే రెండు తొడిగి ఇచ్చిన."

ఒకరి కవరు ఇంకొకరి ఫోనుకు తొడిగింది. గట్టి కవర్లు కదా, ఆ ఇద్దరూ మళ్లీ ఊడదీసి చూసుకోనేలేదు.

నాలుగు నెలలకు మొదటి షిఫ్టులో కప్పు కూలింది. నర్సింగం మీద బండ పడింది. పైన ల్యాంపు రూములో ఉన్న బుచ్చన్నకు కబురు అందింది. నర్సింగం ఫోను ఏదో బుచ్చన్నకు తెలుసు, రోజూ పై వరుసలో చివర్న పెట్టేవాడు. తాళం తియ్యరాదు. కత్తి మొనతో కవరు లేపి, లోపలున్న నంబరుకు ఆఫీసు ఫోనులోంచి చేశాడు. అది రాయమల్లు ఇంటి నంబరు.

"ఎత్తింది రాజకుమారి, రాయమల్లన్న పెండ్లాం. బుచ్చన్న ఏమన్నడు? 'అక్కా, కప్పు కూలింది, అన్నకు తగిలింది, బాయి కాడికి జల్ది రా' అన్నడు. నర్సింగం అని ఒక్క పేరు అంటే అయిపోతుండె. మన దిక్కు గసొంటి ఏళ పేరు వెట్టి ఎవరంటరన్నా? గామె బొబ్బవెట్టి ఫోన్ పడేసి ఉరికింది, ఇంకేం అడగలే."

రాజకుమారి చెప్పుల్లేకుండా బాయి గేటు దాకా పరుగెత్తింది. అక్కడ అప్పటికే ఆడవాళ్లు గుమిగూడారు, ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. ఆమె ఆ గుంపులోనే నేలకు తల కొట్టుకుంటూ కూర్చుంది. అవతలి గేటు నుంచి నర్సింగాన్ని దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం ఉంది, తెలివి కూడా ఉంది. ఇంటికి చెప్పారా అని డాక్టరు అడిగితే, చెప్పాను, వస్తున్నదని వెంట వెళ్లిన బుచ్చన్న అన్నాడు.

"గంటంబావు బతికిండన్నా. పెండ్లాం కోసం 'సారవ్వ అచ్చిందా' అని అడుగుడే. 'అస్తున్నది, తొవ్వల ఉన్నది' అని వీళ్లు చెప్పుడే. సారవ్వ ఏడున్నది? ఆటోల పది నిమిషాలు గాదు, క్వార్టర్ల గోధుమలు ఏరుకుంట కూసున్నది. ఫోన్ పక్కకే ఉన్నది. మోగలే."

రాయమల్లు పైకి వచ్చి గేటు దగ్గర కనబడేసరికి రాజకుమారి అందరి ముందూ అతన్ని పట్టుకుని పిచ్చిదానిలా నవ్విందట. అప్పుడుగాని కబురు ఎవరింటికి పోయిందో తెలియలేదు. సారవ్వ దవాఖానకు చేరేసరికి ముఖం మీద గుడ్డ కప్పి ఉంది.

"అందరు బుచ్చన్న మీద వడ్డరు" అంది తస్లీమా. "తాగి పక్క ఫోన్ కవర్ లేపి నంబర్ నొక్కిండన్నరు. గాయన నర్సింగం కవర్ల ఉన్నదే నొక్కిన అన్నడు. కవర్ ఏదిరా అంటే, గా గడబిడల ఎటో పడిపోయింది. ఎవరు నమ్ముతరు? సారవ్వ ఆయన ఇంటి ముంగట మన్ను ఎత్తిపోసి శాపనార్థాలు వెట్టింది. ఆఖరికి గాయనే అనుకున్నడంట, నా చెయ్యే పక్క ఫోన్ మీద వడ్డదేమో అని."

చాయ్ వచ్చింది. లింగమూర్తి గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు. "మరి నీకెట్ల తెలిసింది చెల్లె?"

"రెండు నెలలకు రాయమల్లన్న మూల పగిలిన కవర్ మార్పిచ్చుకోను వచ్చిండు. ఊడదీసి చూసిన. నా చేతిరాతే. గని ఇంటి నంబర్ మళ్ల అడిగితే గాయన వేరేది చెప్పిండు, గది గాయన ఇంటి నంబర్ గాదు. పాత కవర్ నా కాడ్నే ఉంచుకున్న, గాయన పోయినంక నా ఫోన్లకెల్లి చేసిన. ఆడిమనిషి ఎత్తి 'ఎవలు?' అన్నది. సారవ్వ గొంతు. కట్ చేసిన."

ఆ సాయంత్రమే తెల్ల ఇంకు పెన్ను మురికికాల్వలో పడేసింది. నోరు మాత్రం తెరవలేదు. అస్గర్‌కు కూడా చెప్పలేదు. డబ్బా మూతపడుతుందన్న భయం ఒకటి. అంతకంటే పెద్దది సారవ్వ భయం. బుచ్చన్న పక్క టీ కొట్టుకు వస్తే ఆమె తల దించుకుని కవర్లు సర్దుకునేది. ఆయనతో ఎవరూ ఒకే బల్ల మీద కూర్చునేవారు కాదు. అదీ చూసింది. అలా మూడేళ్లు చూసింది. కిందటి నెల ఆయన బదిలీ పెట్టుకుని ఊరు విడిచాడని విన్న రోజు నుంచి ఆమెకు అన్నం దిగలేదు.

"మొన్న జుమ్మా నాడు సారవ్వ కాడికి పోయిన. కవర్ ముంగట వెట్టి అంత చెప్పిన. కొట్టుతదనుకున్న. కొట్టితే బాగుండు. కవర్ చేతుల వట్టుకొని ఒక్కొక్క అంకె వేలు వెట్టి చూసింది. 'మంచిగనే రాసినవ్ గదే' అన్నది. మళ్ల అన్నది, 'మూడేండ్లు బుచ్చన్నను తిట్టి తిట్టి అలసిన. నిన్ను తిట్టే ఓపిక లేదు. ఆయనకు వోయి చెప్పు. చెప్పేదాంక నా గడప తొక్కకు.'"

"కవర్ ఏది?"

"గామె ఇయ్యలే. నా నంబర్ నా కాడ ఉండనియ్యి అన్నది."

లింగమూర్తి గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఇక్కడి క్వార్టర్ తాళంచెవి తీసుకోవోయినప్పుడు ఆయన్ను చూసిన. నీ నంబర్ చెప్పు అంటే, నేను ఫోన్ వెట్టుకోను అన్నడు. ఎందుకో అడగలే." స్టూలు ముందుకు జరుపుకుని, "ఆదివారం నాతోని రా చెల్లె. నీ నోటితోనే చెప్పు" అన్నాడు.

"మంచిర్యాల దాంక పోయినన్నా. కాసిపేట బస్సు ఎదురుంగనే ఉన్నది. కాళ్లు లేవలే. వాపస్ అచ్చిన." ఆమె చున్నీ అంచుతో ముఖం తుడుచుకుని అతని ఫోను అతని చేతిలో పెట్టింది. "నేను రానని గాదు. రమ్మంటే అస్త. గని ముంగటగాల నేను కనవడితే, గీమె ఎందుకొచ్చిందని గాయన మళ్ల భయపడుతడు. నువ్వు ఆయన జాగల వచ్చినోనివి, నీతోని కూసుంటడు."

"చేతుల ఏం రుజువు లేకుంట నమ్ముతడా?"

"ఏమో. నమ్మకపోతే సారవ్వను అడుగుమను."

లింగమూర్తి లేచి నిలబడ్డాడు. జేబులో చెయ్యి పెట్టబోతే ఆమె వద్దని తల ఊపింది.

"ఏమని చెప్పాలె?"

"నువ్వు నొక్కిన నంబర్ తప్పు గాదని చెప్పు. నీ చెయ్యి తప్పు ఫోన్ మీద వడలేదని చెప్పు. తప్పు తొడిగింది తస్లీమా అని నా పేరు వెట్టి చెప్పు, దాయకు. తిడితే తిట్టనియ్యి, నా దిక్కు ఒక్క మాట మాట్లాడకు." స్టూలు లోపలికి లాక్కుంటూ ఆమె మళ్లీ అంది, "ఇంటికి వోయినంక సల్లవడి, అన్నం దిని పోదామనుకునేవ్. వద్దన్నా. ఆదివారం బస్సు దిగంగనే సక్కగ బుచ్చన్న ఇంటికే పో."