కడిగిన వేర్లు

నా చిన్నప్పుడు చెప్పవలసిన ఒక మాటను చెప్పకుండా మింగేశాను. పెద్ద మాటేమీ కాదు. "నేనే తెచ్చాను" అంటే సరిపోయేది. అనలేదు. అందువల్ల మా పక్కింటి అక్క తన కాపురం పోగొట్టుకుంది. మేమున్న ఆ ఇళ్ళ వరసలో ఆమె కథను కొత్త కోడళ్ళకు బుద్ధి చెప్పడానికి చాలాకాలం వాడుకున్నారు. ఆ కథలో నేను లేను. ఉండాలి. అందుకే రాస్తున్నాను.

యాభైల నాటి మాట. మేము తమిళనాట, వ్యాసర్పాడిలో ఉండేవాళ్ళం. రైల్వే యార్డులో పనిచేసేవాళ్ళ ఇళ్ళు ఒకే కప్పు కింద వరసగా ఉండేవి. మా నాన్నకూ, పక్కింటి బావకూ ఆ యార్డులోనే పని. బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. ఆయన భార్యను అక్క అని పిలిచాను కనుక ఆయన బావ అయ్యాడు. ప్రతి ఇంటి ముందూ చాప పరిచినంత నేల ఉండేది. నేల అనడమే గానీ అందులో ఉన్నదంతా బొగ్గు బూడిద, ఇటుక ముక్కలు. ఏ వైపునుంచీ నీడ పడేది కాదు. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా ఎండే. గాలి లేస్తే ఆ బూడిద ఇంట్లోకీ, కంచంలోకీ, గొంతులోకీ వచ్చేది.

అక్క చిత్తూరు దిక్కు పల్లెనుంచి కాపురానికి వచ్చింది. ఆమె అత్తను వరసలో పిల్లలమంతా అవ్వ అనేవాళ్ళం. అవ్వకు బూడిద పడక ఎప్పుడూ దగ్గు. వచ్చిన కొత్తలోనే అక్క, వాకిట్లో పూలమొక్కలు వేస్తే దుమ్ము అణుగుతుంది అత్తా అంది. అవ్వ దగ్గు మధ్యలోనే నవ్వింది.

"పూలా? ఈడ బొగ్గు పూస్తాది. పోమే, పొయ్యి పని చూడు."

మావాళ్ళలో ఒక నమ్మకం ఉండేది. కొత్త కోడలు నాటింది బతికితే ఆమె చెయ్యి మంచిదనేవాళ్ళు. ఎండిపోతే ఆ పిల్ల ఇంటికి అచ్చిరాదనేవాళ్ళు. కనుక ఆ చాపంత నేల అక్కకు సరదా కాదు. ఆ ఇంట్లో తన చోటు ఎంతో తేల్చే పరీక్ష.

మొదట తనకు ఇష్టమైనవి వేసింది. కనకాంబరం, చామంతి, ఊరినుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న మల్లె అంటు. ఎండలు ముదరకముందే కనకాంబరం ఆకుల అంచులు మాడాయి. చామంతి వేరుతో సహా ఎండింది. మల్లె ఆ బూడిదలో చిగురే వెయ్యలేదు. ఒక్కో మొక్క పోయినప్పుడల్లా అవ్వ వరసంతా వినేలా, "చూసినారా మా కోడలి చెయ్యి!" అనేది. అక్క ఎండు పుల్లలు పీకి పొయ్యిలో పెట్టేది.

సెలవుల్లో ఒకరోజు మిట్టమధ్యాహ్నం నన్ను రమ్మంది. పట్టాల పక్క గట్టు వెంట నడిచాం. కాళ్ళు కాలుతుంటే నేను ఎగిరెగిరి నడుస్తున్నాను. తన కొంగు విప్పి నా తలమీద కప్పింది. సాయంత్రం రావచ్చు గదక్కా అన్నాను.

"సాయంత్రం అన్నీ బాగానే ఉంటాయి అబ్బయా. ఈ ఎండలో తల వాల్చకుండా నిలబడిందేదో అదే మన మొక్క. నాకు ఇష్టమైంది నాటినా, అదే తప్పు. ఆ నేలకు ఏది ఇష్టమో అడగలా."

నాకు అందిన చదువుల్లో అంత సూటిగా ఎవరూ ఏదీ చెప్పలేదు. గట్టుమీద ఎవరూ నీళ్ళు పొయ్యని చోట, కంకర సందుల్లోంచి బిళ్ళగన్నేరు పూసి ఉంది, గులాబీరంగు పూలతో. ఒక్క ఆకూ వాడలేదు. ఒక ఇంటి గోడ పగుల్లో పదిగంటల పువ్వు పాకుతోంది. ఎండ ఎక్కాకే విచ్చుకునే పువ్వు అది. గడ్డిగులాబీ అంటారు కొందరు. దాని కొమ్మ తుంచి గుచ్చితే చాలట. నేలను దుప్పటిలా కప్పేస్తుందనీ, కింద తడి పోనివ్వదనీ, బూడిద లేవనివ్వదనీ చెప్పింది. గోడవారకు మేము ఇడ్లీ పువ్వు అనే నూరువరహాలు. పొడుగుది వెనక, బిళ్ళగన్నేరు మధ్యలో, నేలబారుది అంచున. ఏటేటా గింజ చల్లే రకాలు వద్దంది.

"ఒకతూరి వచ్చినాక ఉండిపోవాల. అట్లాంటివే కావాల మనకు."

మొక్కను ఎత్తడం కూడా ఆమే నేర్పింది. చుట్టూ లోతుగా తవ్వి, చేతినిండా మన్నుతో ఎత్తాలి. పుట్టిన మన్ను కొంచెమైనా వెంట వస్తే కొత్తచోట మొక్క బెదరదు.

ఆ మొక్కలు బతికాయి. వానలు పడ్డాక నేల కనిపించకుండా కప్పేశాయి. అప్పటికి అక్క కడుపుతో ఉంది. అన్నీ గులాబీరంగే అయ్యాయి, మధ్యలో నాలుగు తెల్ల బిళ్ళగన్నేరు ఉంటే బాగుండునని ఆమె కోరిక. పట్టాలు దాటి అవతలి గట్టుమీద తెల్లవి ఉన్నాయని ఎవరో అన్నారు. తను అంతదూరం నడవలేకపోయేది. నన్ను పంపింది.

పట్టాల దగ్గర గ్యాంగు మేస్త్రీ కర్ర ఎత్తి అరిచాడు. వెనక్కి పరుగెత్తాను. ఉత్త చేతులతో ఎలా వెళ్ళడం? తిరిగివచ్చే దారిలో శ్మశానం ఉంది, మావాళ్ళు సుడుగాడు అనేవాళ్ళు. దాని పిట్టగోడ అవతల, సమాధుల మధ్య, తెల్ల బిళ్ళగన్నేరు విరగబూసి ఉంది. శ్మశానంనుంచి గడ్డిపోచ కూడా ఇంటికి తేకూడదని మా ఇళ్ళల్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా గోడ దూకాను. మన్నుతో సహా ఎత్తాను. ఆ మన్నులో బూడిద ఉంది, మాలకట్టిన నార ముక్కలున్నాయి. వీధి కొళాయి కింద పెట్టి వేర్లు తెల్లబడేదాకా కడిగాను.

అక్క మొక్కల్ని అందుకుని, "మన్నేదిరా?" అంది.

"దారిలో రాలిపోయింది."

తడిగా వేలాడుతున్న వేర్లను చూసింది. నన్ను చూసింది. గుంత తీసి నాటి, పాత చేట ఒకటి ఎండకు అడ్డం పెట్టింది. అవి కూడా బతికాయి. అవ్వ దగ్గు తగ్గింది. సాయంత్రాలు వాకిట్లో కూర్చుని, చూడవచ్చినవాళ్ళతో "మా కోడలిదే ఆ చెయ్యి" అనేది. అక్క అప్పుడు లోపల పనిలో ఉన్నా, ఆ మాట వినడానికి గిన్నెల చప్పుడు ఆపేది.

ఆ తర్వాత ఎండాకాలంలో, నెలలు నిండకముందే అక్క బిడ్డ పోయింది.

ఆస్పత్రినుంచి వచ్చిన కొన్నాళ్ళకు, మురికి బట్టలు తీసుకుపోవడానికి వచ్చే ఆమె వాకిట్లో నిలబడి ఆ తెల్లపూలు చూసింది. పాపం, చెడ్డ ఉద్దేశంతో అనలేదు.

"ఇది సుడుగాటి పువ్వు గదా పెద్దమ్మా? గట్టుమీద తెల్లది యాడుంది? నేను రోజూ ఆ దావనే నడిచేది, సుడుగాట్లో తప్ప ఇంకేడా లేదు."

అవ్వ లేచి నిలబడింది. ఆమె గొంతుకు వరసంతా వాకిళ్ళలోకి వచ్చింది. "పిణాల పువ్వు తెచ్చి వాకిట్లో నాటి, నీళ్ళు పోసి పెంచినావా మే? నా మనవణ్ణి మింగించినావా దీనికి? ఎవురు తెచ్చింది? చెప్పు, ఎవురు తెచ్చింది?"

మా నాన్న అప్పుడే పనినుంచి వచ్చి నడుం బెల్టు విప్పుతున్నాడు. నేను అమ్మ చీర చాటున ఉన్నాను. అక్క గడప పట్టుకుని నిలబడి ఉంది. నిలబడే ఓపిక కూడా లేదు ఆమెకు. ఆమె కళ్ళు నామీదికి వచ్చి ఆగాయి. నేను నా కాలి వేళ్ళు చూసుకున్నాను.

"నేనే అత్తా. నేనే పొయి తెచ్చుకున్నా."

మా అమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "కడుపుతో ఉండి ఆడికి పొయినావా తల్లీ!" అంది. అప్పుడు అర్థమైంది నాకు, అక్క తనమీద వేసుకున్నది నా తప్పు మాత్రమే కాదని. పిల్లవాడు తెచ్చి ఉంటే నాలుగు దెబ్బలతో పోయేది. కడుపుతో ఉన్న మనిషి శ్మశానంలో అడుగుపెట్టిందంటే ఆ రోజుల్లో దానికి క్షమాపణ లేదు. అదంతా తెలిసి కూడా నేను నోరు తెరవలేదు. కళ్ళముందు నాన్న చేతిలో బెల్టు ఉంది.

బావ మొత్తం పీకేశాడు. తెల్లవే కాదు, గులాబీవి, ఇడ్లీ పువ్వు, అన్నీ. పదిగంటల పువ్వు చాప చుట్టినట్టు చుట్టుకుని వచ్చింది. అన్నీ పట్టాల అవతల పారేశాడు. విశ్రాంతికని అక్కను వాళ్ళన్న వచ్చి తీసుకుపోయాడు. తీసుకురావడానికి ఇక్కడినుంచి ఎవరూ వెళ్ళలేదు. మరుసటేడు వాళ్ళన్న మళ్ళీ వచ్చి ఆమె పెట్టె తీసుకుపోయాడు. బావకు ఇంకో పెళ్ళయింది.

వాకిలి మళ్ళీ బూడిదయింది. ఒక మూల తెగిపడిన పదిగంటల పువ్వు కొమ్మ తనంతట తాను వేరూని, ఒకరోజు ఎర్రగా పూసింది. ఎవరూ చూడకుండా దాన్ని మడమతో నలిపేశాను. ఎందుకు చేశానో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు, చెప్పుకోవడానికి సిగ్గు.

మా నాన్న పోయాడు, అమ్మ పోయింది. ఇద్దరూ అక్కే తప్పు చేసిందని నమ్ముతూ పోయారు. నాన్న పోయాకైనా చెప్పి ఉండవచ్చు. భయపడేందుకు మనిషి లేకపోయినా నా భయం పోలేదు. నాకు యాభై దగ్గరపడింది. ఇల్లు కట్టుకున్నాను, ముందు ఎండ బాగా పడే జాగా ఉంది. అందులో మొక్క లేదు. నా భార్య అడిగీ అడిగీ విసిగి మానేసింది. కానీ ఈనాటికీ మిట్టమధ్యాహ్నం ఏ వీధిలో నడిచినా, తల వాల్చని మొక్క ఏదా అని నా కళ్ళు వెతుకుతూనే ఉంటాయి. ఎవరైనా మొక్క పట్టుకుపోతుంటే వేర్లకు మన్ను ఉందా అని చూస్తాను. ఆమె ఇచ్చిన చదువు అది. దాన్ని మరిచిపోయే వీలు కూడా లేకుండా చేసుకున్నాను.

నేను పనిచేసే అంబత్తూరులోనే అక్క తన అన్న కొడుకు ఇంట్లో ఉంటోందని నిరుడు తెలిసింది. వెళ్ళాను. జుట్టు నెరిసింది, గుర్తుపట్టింది. ఆ ఇంటి ముందు కూడా పూలమొక్క ఏదీ లేదు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకునే చెప్పాను, అక్కా, అవి గట్టుమీదివి కావు, తప్పు నాది, మన్నించమని.

"ఆమా, తెలుసు. వేర్లు కడిగి తెచ్చినోడు ఏందో దాస్తాండాడు అనుకున్నా. ఎవురింట్లోనో దొంగిలించినావేమో అనుకున్నా గాని, సుడుగాటినుంచని ఆపొద్దే తెలిసింది."

మరి నీమీద ఎందుకు వేసుకున్నావని అడిగాను. నా చేతిలోని గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది.

"నువ్వు నోరు తెరుస్తావేమోనని కొంచేపు చూసినా. మీ నాయన చేతిలో బెల్టు కూడా చూసినా. పిల్లోడివి."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, ఓదార్చనూ లేదు. మన్నించానని కూడా అనలేదు. నేను లేచేటప్పుడు మాత్రం అంది: "నాకు చెప్పి ఏం లాబంరా? నాకు తెలుసు గదా. తెలియనోళ్ళకు పొయి చెప్పు."

వ్యాసర్పాడికి వెళ్ళాను. ఆ వాకిలి ఇప్పుడు సిమెంటు చేశారు. మొక్కలుండిన చోటే కుర్చీ వేసుకుని బావ కూర్చుని ఉన్నాడు, ముసలివాడైపోయాడు. దగ్గరికి వంగి, మెల్లగా, ఆయన ఒక్కడికే వినిపించేలా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఏందీ? యార్డు మోతకు చెవులు పొయినాయి నాకు. గట్టిగా చెప్పు."

ఇంకోసారి చెప్పాను. వినపడలేదు. ఆయన కోడలు వాకిట్లోకి వచ్చింది. పక్కింట్లోంచి ఇద్దరు, ఆ పక్కింట్లోంచి ఒక ముసలామె తొంగిచూశారు. ఆ ముసలామె ఆనాడు కూడా అక్కడే నిలబడి ఉంది. వీళ్ళందరి ముందా అని ఒక్క క్షణం నా కాలి వేళ్ళవైపే చూసుకున్నాను. తర్వాత తలెత్తి, నాకున్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఆ తెల్ల పువ్వు సుడుగాటినుంచి తెచ్చింది నేను బావా! నేను! అక్క ఆడికి పోనేలేదు! నన్ను కాపాడేదానికి అబద్ధం చెప్పింది! తప్పయింది బావా, తప్పు నాది!"