గోనెసంచిలో కంప్యూటరు, పక్కన మా ఆవిడ

మా కంప్యూటరు పాడైతే పార్టులు మార్పించడానికి ఉయ్యూరు దగ్గర మా ఊరి నుంచి బెజవాడ వెళ్లొచ్చాం. ఇలాంటి పని మీద వెళ్లాలనుకునేవాళ్లు ఇంకా ఉంటారని రాస్తున్నాను. నా చదువు ఊరి బడితోనే ఆగింది. మాట కూడా తక్కువే. తెలిసినంత రాస్తాను. మా ఆవిడ నాగరత్నానికి రెండేళ్లుగా చెవులు బొత్తిగా వినపడవు. చెవి మిషను పెట్టించాం. హోరు తప్ప మాట వినపడటం లేదని తీసి డబ్బాలో పెట్టేసింది. కాగితం మీద రాసి చూపిద్దామంటే నా చెయ్యి వణుకుతుంది, తనకేమో చూపు మందం. పలక మీద పెద్దగా రాసి చూపిస్తే, "ఇది అక్షరమా, కోడి కెలికిందా" అంది. అప్పుడే ఉయ్యూరులో ఒక కంప్యూటర్ సెంటరు ఎత్తేస్తూ సామాను అమ్ముతుంటే ఒకటి కొన్నాను. తెలుగు టైపు కూడా ఆ సెంటరు నడిపినాయనే నేర్పాడు. ఒక్కో అక్షరం రూపాయి బిళ్లంత వచ్చేట్టు పెట్టుకుని నేను కొడతాను. తను చదివి నోటితో జవాబు చెబుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచి మాట్లాడినదంతా ఒక ఎత్తు, ఈ కంప్యూటరు వచ్చాక మాట్లాడింది ఒక ఎత్తు అని తను అందరితోనూ అంటుంది. నేను కాదనను.

ఈమధ్య అది మొరాయించడం మొదలుపెట్టింది. మీట నొక్కితే అక్షరం తీరిగ్గా వచ్చేది. ఈలోగా మా ఆవిడ మిగతా మాట తనే ఊహించేసి జవాబు చెప్పేసేది. కరెంటు బిల్లు సంగతి అడుగుదామని 'క' కొట్టేసరికి, "కాకరకాయ నిన్ననేగా వండాను" అనేది. పోయిన వారం స్విచ్చి వేస్తే బీప్ బీప్‌మని అరిచింది, తెర మీద ఏమీ రాలేదు. ఆ అరుపు తనకు వినపడదు. నేనే మాట్లాడటం మానేశాననుకుంది. మూడు రోజులు చూసి, ఉయ్యూరులో ఇంకో నెట్ సెంటరు నడిపే ఆయనకు ఫోన్ చేస్తే, "మెమరీ పోయుంటుందండీ. ఎలాగూ అరవై నాలుగు ఎంబీయే ఉంది, బెజవాడ పట్టుకెళ్లి పెంచుకోండి" అన్నాడు. ఏం పెంచాలో, ఎవరు పెంచుతారో నేను అడగలేదు. అడిగితే ఇంకా మాట్లాడాల్సి వస్తుంది.

మర్నాడు పొద్దున్నే తెర వదిలేసి కంప్యూటరు పెట్టెను మాత్రం పాత దుప్పట్లో చుట్టి గోనెసంచిలో పెట్టి మూతి కట్టాను. మా ఆవిడ చూసి, "ఎక్కడికి?" అంది. బెజవాడ వైపు చెయ్యి చూపించాను. "అమ్మేస్తారా?" అంది. కాదని తల ఊపాను. నేను తల ఊపితే అవునో కాదో దేవుడికే తెలియాలని తను ఎప్పటినుంచో అనే మాటే. నిజానికి తన అనుమానంలో తప్పు లేదు. పొలంలో పాత పంపు అమ్మినప్పుడు కూడా దాన్ని విప్పి, ఇలాగే గోనెసంచుల్లో కట్టి పట్టుకెళ్లాను. తను ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చి, నాకంటే ముందు గుమ్మంలో నిలబడింది.

ఉయ్యూరు నుంచి బెజవాడకు బస్సులు వెంటవెంటనే ఉంటాయి, గంట ప్రయాణం. మనిషికి పధ్నాలుగు రూపాయలు, సంచికి లగేజీ టికెట్టు ఏడు. సంచిని కాళ్ల దగ్గర పెట్టుకుందామంటే బస్సు అదురుకి ఏమవుతుందోనని ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టరు, "సంచిలో ఏంటి పెద్దాయనా, బియ్యమా?" అన్నాడు. కంప్యూటరన్నాను. "గోనెలోనా?" అని నవ్వాడు. అతని నోరు కదలడం చూసి మా ఆవిడ ఏదో అడిగాడనుకుని, "అమ్మేస్తున్నారు బాబూ. నాతో మాట్లాడీ మాట్లాడీ విసుగొచ్చినట్టుంది" అంది. చెవులు వినపడనివాళ్ల గొంతు ఎంత పెద్దగా ఉంటుందో తెలుసు కదా. ముందు సీట్లవాళ్లంతా వెనక్కి తిరిగారు. "అమ్మకండి సార్, పాపం" అన్నాడు కండక్టరు. అమ్మటం లేదన్నాను. అది అతనికి వినపడింది, వినపడాల్సిన మనిషికి కాదు. మిగతా దారంతా కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను. తను అవతలి వైపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. మా వైపు మనుషులకి మిషను ఏదైనా ఆటోనగరే. ట్రాక్టరు సీటు దగ్గర్నుంచి పంపు వాషరు దాకా పాతది పట్టుకెళ్లి చూపిస్తే అలాంటిదే తీసిస్తారు. కంప్యూటరూ మిషనే కదా అని ఆటోనగర్ గేటు దగ్గర దిగిపోయాను. నాకు ఎన్నాళ్లుగానో తెలిసిన ఇంజను పార్టుల కొట్టు ఒకటుంది. కొట్టాయన బాబూరావు సంచి మూతి విప్పి చూసి, మళ్లీ నా మొహం చూశాడు.

"బాబాయ్ గారూ, దీన్ని ఇక్కడికి తెచ్చారేంటండీ?"

"మెమరీ పోయిందట."

"మా దగ్గర పిస్టన్లుంటాయండీ, మెమరీలుండవు. గవర్నర్‌పేట వెళ్లండి. వీధంతా ఇవే కొట్లు."

మా ఆవిడ అతని దగ్గరికెళ్లి, "ఎంతకడుగుతున్నావు నాయనా? తక్కువకి ఇవ్వం" అంది. పాత పంపు కొన్నది కూడా ఇతనే. బాబూరావుకి నవ్వాలో ఊరుకోవాలో తెలియలేదు. సుద్దముక్క తీసుకుని ఇనప తలుపు మీద ఇంతింత అక్షరాలతో 'అమ్మటం లేదు పిన్నీ, బాగుచేయించడానికి' అని రాశాడు. మా ఆవిడ దగ్గరికెళ్లి కూడబలుక్కుని చదివింది. "కొనేవాళ్లు రాస్తే నేను నమ్మాలా? ఆయన్ని చెప్పమను" అంది. బాబూరావు సుద్దముక్క నా చేతికిచ్చాడు. నేను రాశాను. తను చూసి మొహం తిప్పుకుంది. ఆ గీతల్లో ఏముందో రాసిన నాకే తెలియలేదు.

అక్కణ్ణుంచి సిటీ బస్సులో గవర్నర్‌పేట. మనిషికి ఐదు రూపాయలు. బందరు రోడ్డు మీద ఎక్కడ దిగాలో రెండుసార్లు అడిగాను, ఇద్దరు రెండు స్టాపులు చెప్పారు. మధ్యలో దిగి నడిచాం. మొదటి కొట్టు అద్దాల తలుపులది, ఏసీ కూడా ఉంది. అక్కడ టై కట్టుకున్నాయన పెట్టె విప్పి చూడగానే తల అడ్డంగా ఊపాడు. "బోర్డు మార్చాలండి. బోర్డు మారిస్తే ప్రాసెసర్ మారాలి, ర్యామ్ మారాలి. ఈ క్యాబినెట్‌లో కొత్త బోర్డుకి కరెంటు చాలదు, అది కూడా మారాలి." ఇంక నాది ఏం మిగులుతుందని అడిగాను. ఆలోచించి, "ఫ్లాపీ డ్రైవ్" అన్నాడు. తొమ్మిదివేల చిల్లర అవుతుందట. సంచి మూతి కట్టుకుని బయటికొచ్చాం. "బేరం కుదరలేదా?" అంది మా ఆవిడ, కొంచెం సంతోషంగా.

రెండో కొట్టాయన వేరే చెప్పాడు. బోర్డు బాగానే ఉందట, ర్యామ్, అంటే ఆ మెమరీ పట్టీ, ఒక్కటే పోయిందట. అయితే ఇప్పుడొచ్చే ర్యామ్ దీనికి పట్టదట. రెండు పట్టీలు పక్కపక్కన పెట్టి చూపించాడు. పాతదానికి రెండు గాట్లు, కొత్తదానికి ఒకటే. పాతరకం ఇప్పుడు తయారవడం లేదు కాబట్టి దాని ధరే ఎక్కువ. పాతదానికి ధర ఎక్కువేంటో నాకు అర్థం కాలేదు. అదీగాక వారం ఆగితే మద్రాసు నుంచి తెప్పిస్తానన్నాడు. మొదటాయన అన్నీ మార్చాలంటాడు, ఈయన ర్యామ్ తప్ప ఏదీ మార్చనక్కర్లేదు గానీ వారం ఆగమంటాడు. వారం అంటే ఆయనకు వారమే. మా ఇంట్లో అప్పటికే నాలుగు రోజులుగా తను అడగటం, నేను చేతులు తిప్పటం, తను విసుక్కుని వంటింట్లోకి వెళ్లిపోవటం. ముందురోజు నుంచి అడగటం కూడా తగ్గించింది. నాకు భయం వేసింది అందుకే. ఒకసారి అడగటం మానేస్తే మళ్లీ మొదలుపెట్టదేమో.

మూడోది మేడ మీద చిన్న గది. మెట్లు ఇరుకు. ఎక్కేటప్పుడు సంచికి ఒకవైపు మా ఆవిడ పట్టుకుంది, అమ్మేస్తున్నాననే అనుకుంటూ. లోపల చుట్టూ విప్పిన పెట్టెలు, మధ్యలో నలభై ఏళ్ల మనిషి, పేరు శ్రీను, టంకం పెడుతున్నాడు. ఇంకో ఇద్దరు గిరాకీలు స్టూళ్ల మీద ఉన్నారు.

"దీన్ని దేనికి వాడతారండీ?" అన్నాడు శ్రీను.

ఆ మాట ముందటి రెండు కొట్లలోనూ ఎవరూ అడగలేదు. "టైపుకి" అన్నాను.

"జాబ్ వర్కా?"

"కాదు."

"ఇంటర్నెట్టా? పాటలా?"

"కాదు."

"మరి ఏం టైపు చేస్తారండీ?"

నేను నేల చూశాను. స్టూళ్ల మీదివాళ్లు నన్ను చూశారు. ఇంతలో మా ఆవిడ, "ఎంతిస్తానంటున్నాడు?" అంది. మేడ కింద దాకా వినపడి ఉంటుంది. ఇక తప్పదని శ్రీను దగ్గరగా వెళ్లి చెప్పాను. "ఆవిడకి వినపడదండీ. నేను దీంట్లో కొడితే చదువుతుంది. అంతకంటే వాడకం లేదు."

శ్రీను టంకం కడ్డీ పక్కన పెట్టాడు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా మాస్టారూ" అన్నాడు. నేను మాస్టారిని కాను, అది చెప్పడానికి ఓపిక లేక ఊరుకున్నాను. "దీనికి బోర్డెందుకండీ? నా దగ్గర పాత పెట్టెలోంచి తీసిన ర్యామ్ ఉంది, రెండొందల యాభై ఆరు ఎంబీ. అది వేస్తే మీ తెలుగు టైపు పరిగెడుతుంది. మిగిలే డబ్బులు ఉంటే మానిటర్ మీద పెట్టండి. మీది పధ్నాలుగంగుళాలదా?" అవునన్నాను. "పదిహేడు సెకండ్‌హ్యాండ్‌ది ఉంది. పెద్దవాళ్లు వంగి చదవనక్కర్లేదు." ర్యామ్ పన్నెండొందలు, మానిటర్ పదిహేనొందలు అన్నాడు. పెద్ద తెర కొంటే చదవడం తేలికవుతుందని నాకెప్పుడూ తట్టలేదు. పార్టంటే పెట్టె లోపల ఉండేదే అనుకున్నాను.

అతను పాత పట్టీ పీకి వేరేది నొక్కాడు. ఒక్కటే బీప్ వచ్చింది, తర్వాత తెర వెలిగింది. తెలుగు టైపు తెరిచి కీబోర్డు నా వైపు జరిపి, "కొట్టి చూసుకోండి" అన్నాడు. మా ఆవిడను తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. పరాయివాళ్ల మధ్య ఇంట్లో మాట ఎలా కొట్టాలో తెలియలేదు. చివరికి కొట్టాను. అక్షరాలు నా వేళ్ల వెంటే వచ్చాయి. తను పైకే చదివింది, తనకు అదే అలవాటు.

"అమ్మటం లేదు. బాగుచేయించాను."

తను ఇంకోసారి చదివింది, ఈసారి లోపల. తర్వాత నా వైపు తిరిగి, "ఈ మాట పొద్దున్నే ఇంటి దగ్గర చెబితే ఏం పోయింది?" అంది. స్టూలు మీద ఒకతను నవ్వు ఆపుకోలేక బయటికెళ్లాడు. తను కొంగుతో కళ్లు తుడుచుకుని తెర వైపు జరిగింది. "ఊఁ, రాయండి" అంది.

నాలుగు రోజుల మాటలు ఉన్నాయి, ఒక్కటీ ముందుకు రాలేదు.

'ఆకలేస్తోందా?' అని కొట్టాను.

"పొద్దుట్నించీ" అంది.

శ్రీనుకి డబ్బులిచ్చి, సామాను అక్కడే పెట్టి, పక్క సందులో మెస్సుకెళ్లి భోంచేసి వచ్చాం. తిరుగు ప్రయాణంలో మానిటర్ బరువుగా ఉంటుంది. బస్టాండు దాకా ఆటో మాట్లాడుకున్నాం, ఇరవై రూపాయలు. బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికితే దాని పక్కన జాగా ఉంటుంది, అక్కడ పెట్టించాం. పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాం.

ఇది ఇంటి దగ్గర టైపు చేసి ఫ్లాపీలో ఉయ్యూరు నెట్ సెంటరుకి పట్టుకెళ్లి నెట్లో పెట్టిస్తున్నాను. రెండు గాట్ల పట్టీకి, ఒక గాటు పట్టీకి తేడా నాకు ఇప్పటికీ తెలియదు. పాతదానికి ధర ఎందుకు ఎక్కువో కూడా తెలియదు. మొదటాయన అబద్ధం చెప్పాడని కూడా అనను, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మాట తక్కువైతే మర్యాదగా ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ రోజంతా నా మౌనాన్ని మా ఆవిడ ఒకలా చదువుకుంది, కొట్లవాళ్లు ఒకలా చదువుకున్నారు. వాళ్లు మాత్రం ఏం చేస్తారు, చదవడానికి నేనేమీ ఇవ్వందే. కాబట్టి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఏ పార్టు కావాలో అడగకండి, దాంతో ఏం చేస్తారో సిగ్గుపడకుండా ముందు చెప్పండి. డబ్బులిచ్చే ముందు ఆ పని అక్కడే చేసి చూసుకోండి.

మా ఆవిడ పక్కన కూర్చుని చదువుతోంది. అంతా రాశారు గానీ భోజనం సంగతి రాయలేదేం అంటోంది. రాస్తున్నాను. భోజనం ఇరవై ఐదు రూపాయలు, పప్పు బాగుంది, గోంగూరలో ఉప్పు ఎక్కువ.

ఎక్కువేం కాదు, సరిపోయింది, తీసెయ్యండి అంటోంది. నేను తియ్యను. ఎందుకు తియ్యనో తనకి కింద కొట్టి చూపిస్తున్నాను. ఆ ముక్క మా ఇద్దరికే.